జెట్ మీది 125, నల్లమాడ గాలిలో ఎంత?

సోలెక్స్ కార్బ్యురేటర్ మెయిన్ జెట్ మీద 125 అని అంకె ఉంటే, దాని రంధ్రం అడ్డకొలత 1.25 మిల్లీమీటర్లు అని అర్థం. 1089 సీసీ ప్రీమియర్ పద్మిని అయినా, సోలెక్స్ బిగించిన 1489 సీసీ అంబాసిడర్ అయినా, వేగం అందుకున్నాక తాగే పెట్రోల్ దాదాపు అంతా ఇంత సన్నటి రంధ్రం గుండానే పోవాలి. ఆ బండ్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ముంబైలోని కుర్లాలో పద్మిని 2000 ప్రాంతంలో ఆగింది, కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో అంబాసిడర్ 2014 మేలో ఆగింది. బండ్లు మాత్రం ఇంకా తిరుగుతున్నాయి. వాటిని ప్రేమగా కాపాడుకుంటున్న వాళ్ళను ఇప్పుడు వేధిస్తున్న ప్రశ్న ఒకటే: జెట్ మార్చాలా? మారిస్తే ఎంతది వేయాలి?

మెకానిక్ షెడ్డుల్లో రెండు సలహాలు వినిపిస్తాయి. "పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారన్నా, జెట్ పెద్దది వేద్దాం" అనేది ఒకటి. "మన ఎండకు, ఎత్తుకు చిన్న జెట్ చాలన్నా, ఊరికే పెట్రోల్ తాగుతోంది" అనేది రెండోది. రెండింట్లోనూ నిజం ఉంది, రెండూ ఒకదానికొకటి ఎదురు. ఏది ఎంత అని లెక్క వేయకుండా స్పానర్ పట్టుకుంటే నష్టపోయేది ఇంజిన్. శ్రీ సత్యసాయి జిల్లా నల్లమాడను లెక్కకు నడిబొడ్డుగా పెట్టుకుని రెండు సలహాలనూ అంకెల్లో తూచి చూద్దాం.

గాలి లెక్క

నల్లమాడ, పుట్టపర్తి, కదిరి చుట్టుపక్కల నేల సముద్రమట్టానికి నాలుగైదు వందల మీటర్ల ఎత్తున ఉంటుంది. లెక్కకు 500 మీటర్లు అనుకుందాం. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో 94 శాతం. ఈ 6 శాతం లోటు ఏడాది పొడుగునా ఉండేదే.

దాని మీద ఎండ వచ్చి పడుతుంది. వేడెక్కితే గాలి వ్యాకోచించి పలుచనవుతుంది. ఈ లెక్కలో ప్రామాణికంగా తీసుకునేది సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల గాలి. దాని బరువును 100 అనుకుంటే, మే మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో నల్లమాడ గాలి బరువు 87. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలు ఉన్నప్పుడు 94. బెంగళూరు 920 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ హాయిగా 25 డిగ్రీలు ఉన్న రోజున గాలి బరువు కూడా 87. అంటే మే నెల ఎండలో నల్లమాడ ఇంజిన్‌కు అందే గాలి, దానికంటే 400 మీటర్ల పైనున్న బెంగళూరు గాలి అంత పలుచన. బెంగళూరు నుంచి చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, కొడికొండ మీదుగా పుట్టపర్తికి భక్తులను తెచ్చిన టాక్సీలు ఎత్తు నుంచి పల్లానికి దిగుతూ వచ్చాయి. అయినా వేసవి మధ్యాహ్నాల్లో వాటి ఇంజిన్‌కు బరువైన గాలి దక్కలేదు. దిగిన ఎత్తు ఇచ్చిన లాభాన్ని ఎండ లాగేసుకుంది.

పలుచన గాలి వల్ల రెండు పనులు జరుగుతాయి. ఇంజిన్ ప్రతి చుట్టుకూ లాగే గాలి కొలత మారదు, దాని బరువు తగ్గుతుంది. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, గంటకు 5 లీటర్ల పెట్రోల్ తాగుతుంది. దాన్ని కాల్చడానికి దాదాపు 55 కిలోల గాలి కావాలి. ప్రామాణిక గాలి అయితే 45 ఘనపు మీటర్లు చాలు. మే మధ్యాహ్నం నల్లమాడలో 52 ఘనపు మీటర్లు లాగాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఇంజిన్ లాగే కొలతను ఇంకా పెంచుకోలేదు కాబట్టి 40 హార్స్‌పవర్ ఇంజిన్ 35 దగ్గర ఆగిపోతుంది. పోయిన ఆ 13 శాతం బలాన్ని ఏ జెట్టూ తిరిగి ఇవ్వదు. మెట్ట ఎక్కేటప్పుడు బండి లాగడం లేదని జెట్ పెద్దది చేయించడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు. లోటు గాలిలో ఉంటే పెట్రోల్ ఎక్కువ పోసి ప్రయోజనం లేదు.

రెండో పని జెట్‌కు సంబంధించింది. కార్బ్యురేటర్ గొంతు ఇరుకైన చోట, అంటే వెంచురిలో, గాలి వేగంగా పోతూ పెట్రోల్‌ను లాగుతుంది. గాలి బరువు తగ్గితే ఆ లాగుడూ తగ్గుతుంది. అయితే పెట్రోల్ ప్రవాహం ఆ లాగుడుకు వర్గమూలం లెక్కన తగ్గుతుంది. గాలి 13 శాతం తగ్గితే పెట్రోల్ 7 శాతమే తగ్గుతుంది. అంటే గాలికి తగినదానికంటే పెట్రోల్ పాలు 7 శాతం ఎక్కువ. మెకానిక్కులు దీన్నే మిక్చర్ రిచ్ అయింది అంటారు. తక్కువైతే లీన్. జనవరి తెల్లవారుజామున ఈ రిచ్ 3 శాతమే. 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీకి అదే కారులో పోతే, 15 డిగ్రీల చలిలో కూడా దాదాపు 15 శాతం రిచ్.

చిన్న జెట్ వేయాలన్న సలహా వెనుక ఉన్న నిజం ఇదే. ఇది సగం లెక్క.

పెట్రోల్ లెక్క

పాత కార్ల మాన్యువళ్ళు రాసిన రోజుల్లో పెట్రోల్ అంటే పెట్రోలే. ఒక కిలో పెట్రోల్ సరిగ్గా కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌లో ముందే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కిలోకు 9 కిలోల గాలి చాలు. దేశంలో పెట్రోల్‌లో కలిసే ఇథనాల్ 2014లో ఒకటిన్నర శాతం. 2022 జూన్ నాటికి 10 శాతం అయింది. 20 శాతం కలిపిన ఈ20 పెట్రోల్‌ను 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో విడుదల చేశారు. 2025 నాటికి దేశమంతటా 20 శాతం లక్ష్యాన్ని అందుకున్నట్టు కేంద్రం ప్రకటించింది.

20 శాతం కలిస్తే కిలో ఇంధనానికి కావలసిన గాలి 14.7 నుంచి 13.5 కిలోలకు దిగుతుంది. తిప్పి చెప్పాలంటే, అంతే గాలికి ఇప్పుడు ఎక్కువ ఇంధనం కావాలి. జెట్ మాత్రం పాత కొలతలోనే వదులుతుంది. ఇథనాల్ పెట్రోల్ కంటే కాస్త బరువైనది కాబట్టి జెట్ గుండా బరువు రీత్యా అర శాతం ఎక్కువ పోతుంది. దాన్ని కూడా కలుపుకుంటే, ఈ20 వల్ల మిక్చర్ 8 శాతం లీన్ అవుతుంది. 10 శాతం ఇథనాల్ అయితే 4 శాతం.

లీన్ అంటే ఏదో కాస్త పొదుపు అనుకోకూడదు. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువు లాగేటప్పుడు లీన్ మిక్చర్ ఎగ్జాస్ట్ వాల్వులను, వాటి సీట్లను కాల్చేస్తుంది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. పాత ఇనుప హెడ్ ఇంజిన్లకు వాల్వు సీట్లను కాపాడిన సీసం పూత అప్పటినుంచి లేదు. దాని మీద లీన్ కూడా తోడైతే సీట్లు లోపలికి తినుకుపోతాయి, ట్యాపెట్ సందు మూసుకుపోతుంది, కంప్రెషన్ పోతుంది. రిచ్ అయితే జేబుకు చిల్లు. లీన్ అయితే ఇంజిన్‌కు చిల్లు. జెట్ ఎంచుకునేటప్పుడు తప్పు ఎటువైపు జరిగితే పరవాలేదో ఈ తేడాయే చెబుతుంది.

మైలేజీ విషయం కూడా ఇక్కడే తేల్చుకోవాలి. లీటర్ ఇథనాల్‌లో ఉండే శక్తి లీటర్ పెట్రోల్‌లో ఉన్నదానిలో మూడింట రెండు వంతులు. ఈ20 లీటరులో శక్తి ఆరేడు శాతం తక్కువ. 12 ఇచ్చే బండి 11.2 ఇస్తే అది జెట్ తప్పు కాదు, కార్బ్యురేటర్ తప్పూ కాదు. ఆ లోటును పూడ్చాలని జెట్ చిన్నది చేయిస్తే, ఇప్పటికే లీన్ అయిన ఇంజిన్ మరింత లీన్ అవుతుంది.

రెండూ కలిపితే

ఇప్పుడు రెండు సలహాలనూ ఒకే తక్కెడలో వేద్దాం. మాన్యువల్‌లో రాసిన జెట్టే ఉంది, ట్యాంకులో ఈ20 ఉంది అనుకుందాం.

చెన్నై, 30 డిగ్రీలు: గాలి వల్ల రెండున్నర శాతం రిచ్, ఇథనాల్ వల్ల 8 శాతం లీన్. మొత్తం మీద 5 శాతం లీన్.

నల్లమాడ, జనవరి తెల్లవారుజాము, 15 డిగ్రీలు: గాలి వల్ల 3 శాతం రిచ్. మొత్తం మీద 5 శాతం లీన్.

నల్లమాడ, మే మధ్యాహ్నం, 40 డిగ్రీలు: గాలి వల్ల 7 శాతం రిచ్. మొత్తం మీద 1 శాతం లోపు లీన్.

నల్లమాడ, మే, బానెట్ కింద గాలి 55 డిగ్రీలు: గాలి వల్ల 10 శాతం రిచ్. మొత్తం మీద ఒకటిన్నర శాతం రిచ్.

చివరి పంక్తిని వదిలేయకండి. పాత కార్లలో ఎయిర్ ఫిల్టర్ బయటి చల్లగాలిని లాగదు, ఇంజిన్ పక్కనున్న వేడిగాలిని లాగుతుంది. బయట 40 ఉంటే లోపల 55 ఉండడం పెద్ద వింత కాదు.

ఈ పీఠభూమి మీద ఎండా ఎత్తూ కలిసి, ఇథనాల్ తెచ్చిన లోటును వేసవిలో దాదాపు పూర్తిగా పూడ్చేస్తాయి. చలికాలం ఉదయాన మాత్రం సగం కూడా పూడ్చలేవు. కాబట్టి మేలో బండి చక్కగా నడిచిందని జెట్ సరిగ్గా ఉన్నట్టు కాదు. జనవరిలో కళ్ళెం వేసినట్టు తడబడితే అది చలి ఒక్కదాని వల్లా కాదు.

ఇంకో చిక్కు ఉంది. మాన్యువల్‌లోని అంకె ఎక్కడి గాలికి నిర్ణయించింది? 15 డిగ్రీల ప్రామాణిక గాలికా, లేక కుర్లా, ఉత్తర్‌పారాల 30 డిగ్రీల తీరగాలికా? రెండోదే అయితే ఆ జెట్‌ను ముందే రెండున్నర శాతం తగ్గించి పెట్టి ఉంటారు, పై లెక్కలన్నీ అంత మేర లీన్ వైపు జరుగుతాయి. జనవరి ఉదయం లీన్ 5 నుంచి 7 అవుతుంది. మే మధ్యాహ్నం 3 అవుతుంది. ఎంచుకునే జెట్ ఈ రెండు ఊహల్లో ఏది నిజమైనా నిలబడాలి.

రంధ్రం లెక్క

జెట్ అంకె అడ్డకొలతను చెబుతుంది, పెట్రోల్ మాత్రం రంధ్రం వైశాల్యాన్ని బట్టి పారుతుంది. వైశాల్యం అడ్డకొలత వర్గంతో పెరుగుతుంది. అందుకే అంకెలో చిన్న మార్పు ప్రవాహంలో రెండింతల మార్పు.

125 నుంచి 127.5కు పోతే ప్రవాహం 4 శాతం పెరుగుతుంది. 130కు పోతే 8 శాతం. 135కు పోతే 17 శాతం. కొత్త జెట్ దొరకలేదని 1.4 మిల్లీమీటర్ల డ్రిల్ పెట్టి తొలిస్తే 25 శాతం, 1.5 పెడితే 44 శాతం. ఇథనాల్ అడిగేది 8 శాతమే, అందులోనూ వేసవిలో సగానికి పైగా మన గాలి తీర్చేస్తోంది. అక్కడ 25 శాతం ఇవ్వడం అంటే బోరును పాడుచేసి ప్లగ్గులను మసితో నింపడం. అంతేకాదు, జెట్ రంధ్రం మొదట్లో ఉండే వాలు, లోపలి నునుపు, పొడవు కూడా ప్రవాహాన్ని నిర్ణయిస్తాయి. కంపెనీ జెట్‌ను ద్రవం పారించి సరిచూసి అంకె వేస్తుంది. చేతి డ్రిల్‌తో తొలిచిన రంధ్రానికి ఆ అంకె ఇక చెల్లదు.

అరుగుదల కూడా ఇదే లెక్కన పని చేస్తుంది. ఏళ్ళ తరబడి తీగతోనో పిన్నుతోనో పొడిచి శుభ్రం చేసిన 125 జెట్, 1.28 మిల్లీమీటర్లకు అరిగిందనుకోండి. పెరిగింది 0.03 మిల్లీమీటర్లు, తల వెంట్రుక మందం కూడా లేదు. ప్రవాహం మాత్రం 5 శాతం పెరిగిపోయింది. కంటికి 125 అనే కనిపిస్తుంది, పని చేసేది దాదాపు 128లా. ఇందుకు పూర్తిగా ఎదురుగా జరిగేది వారానికోసారి కూడా బయటికి తీయని కార్లలో. ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోల్ ఆవిరై, జిగురు పొర జెట్ గోడకు పట్టుకుంటుంది. 1.25 కాస్తా 1.22 అయితే ప్రవాహం 5 శాతం తగ్గిపోతుంది. మార్చాల్సిన కొలత కంటే ఇవి పెద్దవి. అందుకే ఎంత జెట్ వేయాలో తేల్చే ముందు ఉన్న జెట్ నిజంగా ఎంతో తేల్చాలి.

జెట్‌ను ఇంట్లో కొలవడం

పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. వెడల్పాటి బకెట్‌లో నీళ్ళు పోసి ఎత్తున పెట్టండి. బకెట్ అడుగు నుంచి రబ్బరు గొట్టం దించి, చివర జెట్‌ను గట్టిగా బిగించండి. నీటి మట్టం నుంచి జెట్‌కు సరిగ్గా ఒక మీటరు ఎత్తు ఉండాలి. అర లీటరు నీళ్ళు నిండడానికి పట్టే సమయాన్ని సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్‌తో చూడండి. అర లీటరు పోతే వెడల్పాటి బకెట్‌లో మట్టం దిగేది కాస్తే, కాబట్టి లెక్క చెడదు.

125 జెట్‌కు రెండు నిమిషాలకు కాస్త తక్కువ పడుతుంది. 130 జెట్‌కు అదే ఏర్పాటులో దాదాపు 9 సెకన్లు తక్కువ. పాతదాన్ని, అంకె నమ్మదగిన కొత్తదాన్ని పక్కపక్కన పెట్టి కొలిస్తే అరుగుదలా పూడికా రెండూ బయటపడతాయి. బజారులో దొరికే నకిలీ జెట్లను పట్టుకోవడానికి కూడా ఇదే మార్గం. ఒకే అంకె ఉన్న రెండింటి మధ్య 5 సెకన్లు తేడా వస్తే అంకె మీద నమ్మకం పెట్టుకోవద్దు. పెట్రోల్‌తో ఈ పరీక్ష చేయకండి. నీళ్ళే చాలు, తర్వాత గాలి ఊది పూర్తిగా ఆరబెట్టాలి.

శుభ్రం చేయడానికి కార్బ్యురేటర్ క్లీనర్, గాలి పీడనం చాలు. మరీ మొండిగా ఉంటే నైలాన్ దారం. సూది, తీగ, ఇనుప పిన్ను జెట్ దరిదాపులకు రాకూడదు.

ఊళ్ళో తిరిగే బండికి వేరే జెట్

బస్టాండు నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి తిరిగే కారులో మెయిన్ జెట్ పని దాదాపు ఉండదు. యాక్సిలరేటర్ కాస్త తొక్కిన దశలో పెట్రోల్ ఇచ్చేది స్లో జెట్. దాని రంధ్రం చాలా సన్నం, అందుకే మార్పు ప్రభావం ఇంకా ఎక్కువ. 45 నుంచి 50కు పోతే ప్రవాహం 23 శాతం పెరుగుతుంది. 47.5కు పోయినా 11 శాతం. ఈ20 కోసం స్లో జెట్ మార్చాల్సిన పని చాలా బండ్లలో రాదు. మిక్చర్ స్క్రూను కాస్త వదులు చేస్తే సరిపోతుంది. స్క్రూ ఎంత తిప్పినా ఐడ్లింగ్ నిలకడగా లేకపోతే, ముందు అనుమానించాల్సింది థ్రాటిల్ స్పిండిల్ అరుగుదలను. అరిగిన స్పిండిల్ చుట్టూ దొంగగాలి లోపలికి చొరబడి ఐడ్లింగ్‌ను లీన్ చేస్తుంది. ఆ దొంగగాలికి మందు జెట్ కాదు, కొత్త బుష్.

ఐడ్లింగ్ మిక్చర్ చూసుకోవడానికి చవకైన కొలత మీటరు మన దగ్గరే ఉంది. పొల్యూషన్ చెక్ కేంద్రం ఇచ్చే కాగితంలో కార్బన్ మోనాక్సైడ్ శాతం రాసి ఉంటుంది. భారత్ స్టేజ్-2కు ముందటి పెట్రోల్ కార్లకు 3 శాతం వరకు అనుమతి, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం వరకు. 1 నుంచి 2 శాతం మధ్య వస్తే ఐడ్లింగ్ ఆరోగ్యంగా ఉన్నట్టు. అర శాతం లోపు వచ్చి ఇంజిన్ వణుకుతుంటే అది లీన్. 3 దాటితే రిచ్. సర్టిఫికెట్ చేతికి వచ్చాక ఆ అంకెను మనం చూడకుండానే మడిచి పెట్టేస్తాం. దాన్ని డైరీలో రాసుకోండి.

తొలినాటి అంబాసిడర్లలో ఉన్న ఎస్‌యూ కార్బ్యురేటర్‌కు దారి వేరు. అందులో జెట్ రంధ్రం 0.090 అంగుళం, మారేది దానిలోకి దిగే కోసు సూది. ఆ సూది ఒక చోట 0.080 అంగుళం ఉందనుకుంటే, పెట్రోల్ పారేది రంధ్రానికీ సూదికీ మధ్యనున్న సన్నటి వలయంలోంచే. సూది అంగుళంలో వెయ్యో వంతు సన్నబడితే చాలు, ఆ వలయం వైశాల్యం 9 శాతం పెరుగుతుంది. కాబట్టి అక్కడ సూది మార్చే ముందు జెట్ కింది నట్టును ఒక్కొక్క పలక చొప్పున తిప్పి చూడాలి. కార్బ్యురేటర్‌లోని పిస్టన్‌ను అర మిల్లీమీటరు పైచిలుకు లేపినప్పుడు చుట్లు పెరిగి అలాగే నిలిస్తే రిచ్. కాసేపు పెరిగి దిగితే సరి. వెంటనే పడిపోతే లీన్.

జెట్ మీద నేరం వేసే ముందు

జెట్ ముట్టకముందే తేల్చుకోవాల్సినవి నాలుగున్నాయి. ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోల్ మట్టం, ట్యాపెట్ సందు, పాయింట్ల గ్యాపుతో పాటు ఇగ్నిషన్ టైమింగ్, ఎయిర్ ఫిల్టర్. ఈ ప్రాంతంలో నాలుగోదే ముఖ్యం. వాన తక్కువ పడే జిల్లాలో దుమ్ముకు కరువు లేదు. శెనక్కాయ పీకి కాయ కొట్టే రోజుల్లో పొలాల పక్క దారిలో పది రోజులు తిరిగిన కారు ఫిల్టర్‌ను విప్పి చూస్తే ఎర్ర దుమ్ము అట్ట కట్టి ఉంటుంది. ఫిల్టర్ మూసుకుపోతే గాలి దారి ఇరుకై, వెంచురిలో లాగుడు పెరిగి, పెట్రోల్ ఎక్కువ వస్తుంది. ఫ్లోట్ చాంబర్ గాలి బయటి నుంచి తీసుకునే కార్బ్యురేటర్లలో ఈ రిచ్ ఇంకా ఎక్కువ. నల్ల పొగ చూసి జెట్ చిన్నది చేయించిన వాళ్ళు, తర్వాత ఫిల్టర్ శుభ్రం చేయించగానే లీన్ ఇంజిన్‌తో మిగులుతారు.

ఇంకో మాయ మే నెలది. మధ్యాహ్నం ఇంజిన్ ఆపి పది నిమిషాలకు స్టార్ట్ చేస్తే అందుకోదు, అందుకున్నా కాస్త దూరం పోయి ఆగిపోతుంది. మెకానిక్కులు దీన్ని ఎయిర్ లాక్ అంటారు. వేడికి పైపులోనూ పంపులోనూ పెట్రోల్ ఆవిరి అయిపోయి జెట్ వరకు రాదు. ఇథనాల్ కలిసిన పెట్రోల్ ఇంకా త్వరగా ఆవిరవుతుంది. ఇక్కడ ఏ జెట్ వేసినా ఫలితం ఉండదు. పైపును ఎగ్జాస్ట్‌కు దూరంగా జరపడం, మధ్యలో వేడి తగలకుండా తొడుగు వేయడం అసలు వైద్యం. పాత రబ్బరు గొట్టాలను, పంపు డయాఫ్రమ్‌ను ఇథనాల్ తట్టుకునే రకానికి మార్చుకోవడం కూడా అప్పుడే చేయించాలి. ఇథనాల్ నీటిని పీలుస్తుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. ఊడిన రబ్బరు పొట్టు చివరికి చేరేది జెట్ నోటికే.

రోడ్డు మీద తేల్చుకోవడం

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక పరీక్ష చేయాలి. కొత్త ప్లగ్గులతో ఇంజిన్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్‌లో ఒకే వేగంతో కొన్ని కిలోమీటర్లు పోయి, చోక్‌ను కొద్దిగా లాగండి. బండి ఊపందుకుంటే లీన్. ముక్కితే రిచ్. ఏ మార్పూ లేకపోతే మెయిన్ జెట్ దాదాపు సరిగ్గా ఉన్నట్టు. తర్వాత అదే వేగంలో క్లచ్ తొక్కి, ఇంజిన్ ఆపి, పక్కకు ఆపుకుని, చల్లారాక ప్లగ్గులు విప్పండి. బిస్కెట్ రంగు సరైనది, మసి అయితే రిచ్, సున్నం తెలుపు అయితే లీన్. ఈ20తో ప్లగ్ రంగు ముందుకంటే లేతగానే వస్తుంది కాబట్టి ఆ ఒక్క రంగు చూసి తీర్పు చెప్పకూడదు. చోక్ పరీక్ష, ప్లగ్ రంగు రెండూ ఒకే మాట చెబితేనే నమ్మాలి.

ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ సెన్సర్ పెట్టి కొలిచే మీటర్లు వాడేవాళ్ళకు ఒక మాట. అవి నిజంగా కొలిచేది లాంబ్డాను, అంటే సరైన మిక్చర్‌ను 1గా తీసుకునే కొలతను; కిలో ఇంధనానికి ఎన్ని కిలోల గాలి అనే నిష్పత్తిని కాదు. సరైన మిక్చర్ దగ్గర మీటరు 14.7 చూపిస్తుంది, ట్యాంకులో ఈ20 ఉన్నా సరే. ఈ20కి 13.5 రావాలి కదా అని జెట్ పెంచితే 9 శాతం రిచ్ చేసుకున్నట్టు. మీటరును లాంబ్డాలోకి మార్చుకోండి. నిలకడ వేగంలో 1 దగ్గర, పూర్తిగా తొక్కినప్పుడు 0.85 నుంచి 0.9 మధ్య ఉంటే చాలు.

చివరికి ఏ జెట్?

మాన్యువల్ అంకె 125 అనుకుని, ఈ20తో ఏడాదంతా నల్లమాడ చుట్టుపక్కల తిరిగే బండికి మూడు జెట్లను పోల్చి చూద్దాం. మొదటి అంకె జనవరి ఉదయానిది, రెండోది మే నెలలో బానెట్ కింద 55 డిగ్రీల గాలిది.

125 అయితే: 5 శాతం లీన్ నుంచి ఒకటిన్నర శాతం రిచ్ వరకు.

127.5 అయితే: 1 శాతం లీన్ నుంచి 6 శాతం రిచ్ వరకు.

130 అయితే: 3 శాతం రిచ్ నుంచి 10 శాతం రిచ్ వరకు.

మాన్యువల్ అంకె తీరగాలికి పెట్టింది అయితే, 125 ఏడాది పొడుగునా లీన్‌లోనే ఉంటుంది. 127.5 మాత్రం మూడున్నర శాతం లీన్‌కూ 3 శాతం రిచ్‌కూ నడుమ నిలుస్తుంది. రెండు ఊహల్లో ఏది నిజమైనా ఇంజిన్‌ను కాల్చనిది, జేబును ఖాళీ చేయనిది అర మెట్టు పెంచిన 127.5. చెన్నైకో విజయవాడకో మకాం మారే బండికి 130 పెట్టుకున్నా తప్పు లేదు, అక్కడి గాలి బరువు ఎక్కువ. మీ మాన్యువల్ అంకె 125 కాకుండా 115 అయినా 120 అయినా సూత్రం ఇదే: ప్రవాహం 4 శాతం పెరిగే జెట్‌ను వెతకండి, అంటే అంకెను 2 శాతం పెంచండి.

తీసిన పాత జెట్‌ను పారేయకండి. అంకె, తీసిన తేదీ, నీళ్ళ పరీక్షలో పట్టిన సెకన్లు రాసిన చీటీతో డబ్బాలో పెట్టండి. పెట్రోల్‌లో ఇథనాల్ పాలు మళ్ళీ మారినా, బండి వేరే ఊరికి పోయినా, ఆ చీటీ నుంచే కొత్త లెక్క మొదలవుతుంది. కార్బ్యురేటర్ చేసినవాళ్ళు జెట్‌ను మర బిగించి, విప్పి తీయడానికి వీలుగా పెట్టారంటే కారణం ఉంది. ఏ ఊరి గాలికి, ఏ కాలపు పెట్రోల్‌కు తగినట్టు ఆ ఊరివాళ్ళు సరిచేసుకోవాలని. కంప్యూటర్ ఉన్న కొత్త కారులో ఆ నిర్ణయం మన చేతిలో లేదు. పాత కారులో ఉంది, దాన్ని ఊహకు వదలకుండా కొలతతో తీసుకోవడమే ఆ ఇంజిన్‌కు మనం చేయగల సేవ.